జలగల డబ్బా, ఇబ్న్ సీనా

మూడేళ్ళ క్రితం జనవరిలో మా బావమరిది చూపుడు వేలు స్నో బ్లోయర్ లో పడి తెగిపోయింది. మంచు ఇరుక్కుని మెషీన్ ఆగిపోతే, స్విచ్ ఆఫ్ చేశాను కదా అని చెయ్యి పెట్టి లాగబోయాడు. బిగుసుకుపోయి ఉన్న బ్లేడు మంచు కదలగానే ఒక్కసారి విదిలించింది. (చలి రాష్ట్రాల్లో ఉండేవాళ్ళకి ఒక మాట. కర్రతో తీయండి, చేత్తో వద్దు.) తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసులో పెట్టుకుని హాస్పిటల్ కి పరిగెత్తాం. రాత్రంతా సర్జరీ చేసి అతికించారు. మర్నాటికి వేలు వంకాయ రంగుకి తిరిగింది. అప్పుడు నర్సు ఒక చిన్న డబ్బా పట్టుకొచ్చింది. అందులో నీళ్ళు, నీళ్ళలో జలగలు!

మా ఆవిడ కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను మాత్రం కళ్ళార్పకుండా చూశాను. విషయం ఏమిటంటే, వేలికి రక్తం తెచ్చే ధమనుల్ని కుట్టగలిగారు గానీ, వెనక్కి తీసుకెళ్ళే సిరలు మరీ సన్నవి. రక్తం వస్తోంది, పోవడం లేదు. కొత్త సిరలు మొలిచేదాకా, అంటే నాలుగైదు రోజులు, ఆ పోవాల్సిన రక్తాన్ని జలగలు తాగుతాయి. తాగి ఊడిపడ్డాక కూడా గంటల తరబడి కాటు దగ్గర రక్తం ఊరుతూనే ఉంటుంది. అసలు కావలసింది అదే. వేలు బతికింది. ఇప్పుడు దానితోనే కీబోర్డ్ కొడుతున్నాడు.

ఆ వారమే తెనాలికి ఫోన్ చేసి నాన్నకి ఈ కథ మహా హుషారుగా చెప్పాను. 1985 లో బోస్టన్ లో ఒక పిల్లాడి తెగిన చెవిని ఇలాగే జలగలతో బతికించారని, 2004 లో ఇక్కడి ఎఫ్‌డిఏ జలగల్ని వైద్య పరికరంగా అమ్ముకోవడానికి ఒక ఫ్రెంచి కంపెనీకి అనుమతి ఇచ్చిందని, నెట్ లో చదివింది చదివినట్టు ఒప్పజెప్పాను. మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు చూశావా అని ఆయన మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. తండ్రీ కొడుకులం కలిసి ఓ అరగంట ఇంగ్లీషు వైద్యాన్ని ఉతికి ఆరేశాం.

నేను చెప్పనివి కొన్ని ఉన్నాయి. జలగ పొట్టలో ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది కాబట్టి ముందే యాంటిబయాటిక్ మొదలుపెట్టారు. రోజుకి ఎన్నోసార్లు రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉంచుకున్నారు. ఇవన్నీ చెబితే కథలో మజా తగ్గుతుందని ఎగరగొట్టేశాను.

ఆ ఏడు శ్రావణ మాసంలో నాన్న మాకెవరికీ చెప్పకుండా మోకాళ్ళ నొప్పులకి జలగలు పెట్టించుకున్నారు. నాన్న గుండెలో స్టెంట్ ఉంది. రోజూ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటారు. ఆ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే. జలగ లాలాజలం చేసేదీ ఆ పనే. రెండు మోకాళ్ళకీ కలిపి ఆరు జలగలు. పెట్టినవాడు అవి ఊడిపడగానే డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. తెల్లవారేదాకా రక్తం ఆగలేదు. అమ్మవి రెండు పాత చీరలు తడిసిపోయాయి. పక్కింటివాళ్ళు గుంటూరు తీసుకెళితే, అక్కడ రక్తం ఎక్కించి నిలబెట్టారు. హాస్పిటల్ మంచం మీద నుంచి ఆయన నన్ను అడిగింది ఒక్కటే. మరి అమెరికాలో మీవాడికి పెట్టారుగా అని!

నా దగ్గర జవాబు లేదు. ఉన్నా చెప్పే మొహం లేదు.

మా అపార్ట్‌మెంట్ లోనే ఒక హైదరాబాదీ మిత్రుడు ఉంటాడు. వాళ్ళ తాతగారు పాతబస్తీలో హకీం. ఇదంతా విని, తమ ఇంట్లో ఇది నిత్యం జరిగే వాదనే అన్నాడు. తేనెలో స్వస్థత ఉందని ఖురాన్ లో ఉంది, హిజామా గురించీ ఒంటె పాల గురించీ హదీసుల్లో ఉంది కాబట్టి సైన్స్ ఇప్పుడు కనిపెట్టేదంతా అందులోదేనని కొందరు బంధువులు. అదంతా పాతచింతకాయ పచ్చడి అని ఇంకొందరు. నిజానికి 14వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్దూన్ అనే చరిత్రకారుడు, ప్రవక్త వచ్చింది ధర్మం చెప్పడానికి గానీ వైద్యం నేర్పడానికి కాదని, ఆ చిట్కాలు అరబ్బు ఎడారి ప్రజల అలవాట్లని రాసేశాడట. అయితే ఈ రెండు పక్షాలవాళ్ళూ పేరు చెప్పుకుని తెరిచి చూడని పుస్తకం ఒకటుందని మా మిత్రుడు తన దగ్గరున్న ఇంగ్లీషు అనువాదం నా చేతిలో పెట్టాడు. అది ఇబ్న్ సీనా రాసిన అల్-కానూన్, అంటే వైద్యశాస్త్ర నియమావళి. అందులో జలగల మీద ఒక అధ్యాయమే ఉంది. దానికోసం తెరిచినవాణ్ణి, ఆ మనిషి జీవితంలో పడి రెండు నెలలు బయటికి రాలేదు.

అవిసెన్నా అని లాటిన్ వాళ్ళు పిలిచేది ఈయన్నే. 980 లో బుఖారా దగ్గర అఫ్షానా అనే పల్లెలో పుట్టాడు. అది ఇప్పటి ఉజ్బెకిస్తాన్. తండ్రి సామానీ రాజుల కొలువులో ఉద్యోగి, తల్లి పేరు సితారా. ఆయన తన చిన్ననాటి సంగతులన్నీ జూజ్‌జానీ అనే శిష్యుడికి చెప్పి రాయించాడు. మిగతా జీవితాన్ని ఆ శిష్యుడే పూర్తి చేశాడు. కాబట్టి వెయ్యేళ్ళ నాటి మనిషి గురించి మనకి ఆశ్చర్యపోయేంత వివరంగా తెలుసు. పదేళ్ళకే ఖురాన్ కంఠతా వచ్చు. ఆ తర్వాత తండ్రి కొడుకుని లెక్కలు నేర్చుకోమని ఎవరి దగ్గరికి పంపాడో తెలుసా? ఒక కూరగాయల కొట్టతని దగ్గరికి! ఆ కొట్టతనికి హిందూ దేశపు లెక్కల పద్ధతి, అంటే మన సున్నా, స్థానాల పద్ధతి, వచ్చునట. మన దేశపు సున్నా బుఖారాలో వంకాయల తూకం దగ్గర ఇబ్న్ సీనాకి దొరికిందని చదివినప్పుడు, ఆఫీసులో పక్క క్యూబికల్ వాడికి కూడా చెప్పుకున్నాను.

వైద్యం పెద్ద కష్టమైన విద్య కాదని ఆయన అభిప్రాయం. పదహారేళ్ళకే పెద్ద వైద్యులు ఆయన దగ్గర పాఠం చెప్పించుకునేవారని స్వయంగా చెప్పుకున్నాడు. వినయం ఈయనకి కాస్త తక్కువే. అయితే అరిస్టాటిల్ తత్వశాస్త్రం మాత్రం నలభై సార్లు చదివినా అర్థం కాలేదని కూడా దాచుకోకుండా చెప్పాడు. చివరికి బజారులో ఎవరో బతిమాలి మూడు దిర్హాములకి అంటగట్టిన ఫారాబీ పుస్తకంతో అర్థమైంది. ఆ సంతోషంలో మర్నాడు బీదవాళ్ళకి దానం చేశాడు.

బుఖారా రాజు నూహ్ కి జబ్బు చేసి పెద్ద వైద్యులు చేతులెత్తేస్తే, ఈ కుర్రవాణ్ణి పిలిపించారు. రాజు కోలుకున్నాడు. ప్రతిఫలంగా అడిగింది రాజుగారి గ్రంథాలయంలో చదువుకునే అనుమతి. ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క గది, గది నిండా పుస్తకాల పెట్టెలు. గ్రీకుల గాలెన్, డయోస్కోరిడెస్, వాళ్ళ మీద అరబ్బుల వ్యాఖ్యలు... అన్నీ అరబ్బీలోకి వచ్చేసి ఉన్నాయి. మన సుశ్రుత సంహిత కూడా అప్పటికి రెండు వందల ఏళ్ళ ముందే అరబ్బీలోకి వెళ్ళింది. బాగ్దాద్ మంత్రి యహ్యా బర్మకీ కోరిక మీద మంకా అనే భారతీయ వైద్యుడు అనువదించాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

తర్వాత వరసగా దెబ్బలు. రాజు పోయాడు, తండ్రి పోయాడు, 999 లో రాజ్యమే పోయింది. ఇరవై రెండేళ్ళ వయసులో ఊరు వదిలినవాడు మళ్ళీ బుఖారా మొహం చూడలేదు. మొదట ఖ్వారజ్మ్ లో ఉద్యోగం. మన చరిత్ర పుస్తకాల్లో సోమనాథ్ తో గుర్తుండే గజనీ మహమూద్ అక్కడి పండితులందర్నీ తన కొలువుకి పంపమన్నాడని, ఇబ్న్ సీనా ఒప్పుకోక ఎడారి దారిన పారిపోయాడని, తోడు వచ్చిన మిత్రుడు ఇసుక తుఫానులో చనిపోయాడని తర్వాతి కాలంలో ఒక కథ పుట్టింది. మహమూద్ కొలువుకి వెళ్ళినవాడు అల్ బిరూనీ. ఆయన మన దేశం గురించి పెద్ద పుస్తకమే రాశాడు. ఇబ్న్ సీనా పడమటికి పోయాడు. జుర్జాన్, రయ్, హమదాన్... అన్నీ ఇప్పటి ఇరాన్ ఊళ్ళు. వీసా గొడవల్లో ఊళ్ళు మారే మనకి ఇది కొంచెం అర్థమయ్యే జీవితమే. తేడా ఏమిటంటే, మనకి ప్రాజెక్ట్ పోతే ఇంకో ప్రాజెక్ట్, ఆయనకి రాజు మారితే తల పోయే ప్రమాదం.

జుర్జాన్ లో 1012 ప్రాంతంలో కానూన్ మొదలుపెట్టాడు. ఇంకో పన్నెండేళ్ళకి గానీ పూర్తి కాలేదు. హమదాన్ లో రాజు శంస్ అల్-దౌలా కడుపునొప్పి కుదిర్చి ఏకంగా మంత్రి అయ్యాడు. జీతాల గొడవో మరొకటో, సైన్యం తిరగబడి ఆయన ఇల్లు దోచి, చంపమని రాజు మీద ఒత్తిడి తెచ్చింది. రాజు చంపలేదు గానీ కొలువు నుంచి తీసేశాడు. నలభై రోజులు ఒకరింట్లో దాక్కున్నాడు. ఈలోగా రాజుకి మళ్ళీ కడుపునొప్పి వచ్చింది! వెతికించి, క్షమాపణ చెప్పి, మళ్ళీ మంత్రిని చేశాడు. పగలంతా రాజకార్యాలు. రాత్రి శిష్యులు చేరితే ఒకరు కానూన్ నుంచి, ఒకరు తత్వగ్రంథం షిఫా నుంచి వంతులవారీగా చదవడం, పాఠం అయ్యాక పాటగాళ్ళు, మద్యం. మద్యం విషయంలో మతపెద్దలు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఇప్పుడు జలగల సంగతి. కానూన్ మొదటి భాగంలో ఉన్న ఆ చిన్న అధ్యాయం, హిందూ దేశస్థుల మాట చెబుతూ మొదలవుతుంది. కొన్ని జలగల్లో విషం ఉంటుందని, కాటుక రంగులో పెద్ద తల ఉన్నవి, ఒంటి మీద నూగు ఉన్నవి, నీలి చారలున్నవి వాడకూడదని ఉంది. సుశ్రుతుడు విషమున్న జలగలు ఆరు రకాలన్నాడు. కాటుక రంగు, పెద్ద తల ఉన్నది కృష్ణ. వెంట్రుకలున్నది అలగర్ద. ఇంద్రధనుస్సులా చారలున్నది ఇంద్రాయుధ. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒళ్ళు ఝల్లుమంది. మంకా అనువాదం దారినో మరో దారినో మన జలగలు హమదాన్ చేరాయి!

కానీ నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి వాక్యాలు. కప్పలుండే నీళ్ళలో జలగలు పనికిరావని అంటారు, అది పట్టించుకోవద్దు, నాచు పట్టి కప్పలుండే నీళ్ళలోవే మంచివి అంటాడు. అంటే గౌరవంగా తీసుకున్నాడు, ఒప్పుకోని చోట ఒప్పుకోలేదు. జలగని ముందురోజే పట్టి, తలకిందులు చేసి కడుపులో ఉన్నది కక్కించాలి. పెట్టే చోటు కడిగి, ఎర్రబడేదాకా రుద్దాలి. హిజామా కంటే జలగ లోతు నుంచి లాగుతుంది. వదలకపోతే ఉప్పో బూడిదో చల్లాలి. ఊడాక రక్తం ఆగకపోతే చల్లడానికి కాల్చిన మాచికాయ, సున్నం, మెత్తగా నూరిన పెంకు లాంటివి జలగ పెట్టేవాడి దగ్గర ముందే సిద్ధంగా ఉండి తీరాలి. ఈ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. మా బావమరిది గదిలో నర్సు సిద్ధంగా పెట్టుకున్నవి, తెనాలిలో ఆ మనిషి పెట్టుకోకుండా డబ్బులు తీసుకుని వెళ్ళిపోయినవి, వెయ్యేళ్ళ క్రితం పుస్తకంలో ఉన్నాయి.

కానూన్ రెండో భాగం ఒంటరి మందుల జాబితా. దాదాపు ఎనిమిది వందలు. ఎక్కువ మొక్కలే గానీ జంతువుల నుంచి వచ్చేవి కూడా తక్కువేం కాదు. తేనె, కస్తూరి, నీటికుక్కలాంటి బీవర్ జంతువు గ్రంథి, రకరకాల పాలు, పిత్తాలు, పేడలు. మూత్రంలో రాళ్ళకి తేలు బూడిద. పొట్టలో నీరు చేరితే ఒంటె పాలు, ఒంటె మూత్రం. అయిదో భాగంలో మందులన్నిటికీ రాజు లాంటి తిర్యాఖ్. నీరో చక్రవర్తి వైద్యుడు తయారు చేసిన ఈ విష విరుగుడులో అరవైకి పైగా దినుసులు. అందులో ముఖ్యమైనది పాము మాంసం. తన విషానికి తాను చావని జంతువు మాంసంలో విరుగుడు ఉండాలి కదా అని లాజిక్. ఇబ్న్ సీనా దాన్ని ఆకాశానికెత్తాడు.

ఇదే మనిషి, అదే రెండో భాగం మొదట్లో, మందుని ఎలా పరీక్షించాలో ఏడు షరతులు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ప్లాన్. మందుకి బయటి నుంచి వచ్చిన గుణం ఏదీ ఉండకూడదు, అంటే చల్లటి పదార్థాన్ని వేడి చేసి పరీక్షించకూడదు. రోగికి ఒకే జబ్బు ఉండాలి, రెండు కలిసి ఉంటే దేని మీద పనిచేసిందో తెలియదు. వ్యతిరేక గుణాలున్న జబ్బుల మీద కూడా వేసి చూడాలి. మందు బలం జబ్బు బలానికి సరిపోవాలి, తక్కువ నుంచి మొదలుపెట్టి పెంచాలి. ఎంతసేపటికి పనిచేసిందో చూడాలి. ప్రతిసారీ, లేదా చాలాసార్లు, అదే ఫలితం రావాలి, లేకపోతే కాకతాళీయం. చివరిది, మనుషుల మీదే పరీక్షించాలి. సింహం మీదో గుర్రం మీదో పనిచేసింది మనిషి మీద పనిచేస్తుందని నమ్మకం లేదు. రెండో షరతు దగ్గర మా నాన్న గుర్తొచ్చారు. ఒకే జబ్బు ఉండాలి. ఆయనకి మోకాలూ ఉంది, గుండే ఉంది.

మరి తేలు బూడిదని, పాము మాంసాన్ని ఈ ఏడు షరతులకీ నిలబెట్టి చూశాడా? లేదనే నా అభిప్రాయం. ఎనిమిది వందల మందుల్ని ఒక్క జీవితంలో, అదీ పరారీలో ఉంటూ, పరీక్షించడం ఎవరి తరమూ కాదు. పాతవాళ్ళ జాబితాలు తెచ్చుకున్నాడు. టెస్ట్ ప్లాన్ బ్రహ్మాండంగా రాసి, కోడ్ మాత్రం పాత ప్రాజెక్ట్ నుంచి కాపీ చెయ్యడం నాకు బాగా తెలిసిన వ్యవహారమే కాబట్టి ఆయన మీద రాయి వెయ్యను.

ఆ పరీక్షలు ఆయన తర్వాత మిగతా లోకం చేసింది, చాలా నెమ్మదిగా. 1745 లో విలియం హెబర్డెన్ అనే ఇంగ్లీషు వైద్యుడు తిర్యాఖ్ మీద ఒక చిన్న పుస్తకం రాసి దాని పరువు తీశాడు. కొన్నాళ్ళకి లండన్ వైద్యుల అధికారిక మందుల జాబితా నుంచి అది మాయమైంది. పాము మాత్రం మాయం కాలేదు. బ్రెజిల్ లోని ఒక రక్తపింజర జాతి పాము విషంలో దొరికిన పదార్థం ఆధారంగా రక్తపోటు మందు కాప్టోప్రిల్ తయారై 1981 లో అమ్మకానికి వచ్చింది. మన ఇళ్ళల్లో ఉండే ఎనలాప్రిల్, రామిప్రిల్ దానికి తమ్ముళ్ళే. ఇది చూసి పూర్వులకి ముందే తెలుసు అని ఎవరైనా మెయిల్ ఫార్వర్డ్ చేస్తే నమ్మకండి. వాళ్ళు తిన్నది మాంసం, మందు ఉన్నది విషంలో. తేనె పాసైంది. పుండ్లకి కట్టే తేనె పట్టీలకి ఎఫ్‌డిఏ 2007 లో అనుమతి ఇచ్చింది (ఏడాది లోపు పిల్లలకి మాత్రం నాకించకండి, బొటులిజం ప్రమాదం ఉంది). ఒంటె మూత్రం పాస్ కాలేదు. మెర్స్ జబ్బు ఒంటెల నుంచి మనుషులకి వస్తోందని తేలాక, పచ్చి ఒంటె పాలు, మూత్రం తాగవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. గల్ఫ్ లో ఉన్న మనవాళ్ళు ఇది గమనించాలి.

జలగ విషయంలో 1884 లో జాన్ హేక్రాఫ్ట్ దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని చూపించాడు. 1950 లలో జర్మనీలో మార్క్‌వార్ట్ దాన్ని విడిగా తీశాడు. పేరు హిరుడిన్. దాన్ని అనుకరించి చేసిన బైవాలిరుడిన్ అనే మందు 2000 లో అమెరికాలో అనుమతి పొంది, స్టెంట్ లు వేసేటప్పుడు వాడకంలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పి మీద కూడా ఒక పరీక్ష ఉంది. 2003 లో జర్మన్ డాక్టర్లు 51 మంది మీద చేశారు. వారం తర్వాత చూస్తే, రాసుకునే నొప్పి జెల్ కంటే జలగలు బాగా పనిచేశాయి. కానీ ఎవరికి ఏది పెట్టారో రోగికి తెలిసే పరీక్ష అది. మోకాలికి జలగ అంటించి రోగికి తెలియకుండా ఎలా చేస్తారు లెండి! అంటే నాన్న కోరిక పూర్తిగా పిచ్చిది కూడా కాదు. హైదరాబాద్ యునానీ ఆసుపత్రుల్లో జలగ చికిత్సని ఇర్సాల్-ఎ-అలఖ్ అంటారని మా మిత్రుడు చెప్పాడు. వాళ్ళ తాతగారు పెట్టేముందు దెబ్బ తగిలితే రక్తం ఎంతసేపటికి ఆగుతుందని అడిగేవారట. మా నాన్నని ఎవరూ ఏమీ అడగలేదు.

మళ్ళీ హమదాన్ కి వస్తాను. 1021 లో శంస్ అల్-దౌలా చనిపోయాడు. కొత్త రాజు దగ్గర మంత్రిగా ఉండనని ఇబ్న్ సీనా ఒక మందుల వ్యాపారి ఇంట్లో దాక్కుని, చూసుకోవడానికి పుస్తకం ఒక్కటీ లేకుండా, రోజుకి యాభై పేజీల చొప్పున షిఫా రాశాడు. ఇస్ఫహాన్ రాజుతో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నాడని పట్టుకుని ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు బంధించారు. అక్కడా రాశాడు. విడుదలయ్యాక తమ్ముడు, జూజ్‌జానీ, ఇద్దరు బానిసలతో కలిసి సూఫీల వేషంలో ఇస్ఫహాన్ చేరుకున్నాడు. అక్కడి రాజు అలా అల్-దౌలా దగ్గర మిగిలిన పదమూడేళ్ళూ కొంత నిలకడగా గడిచాయి.

జూజ్‌జానీ రాసిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తన చికిత్సల్లో స్వయంగా చూసిన అనుభవాలన్నిటినీ ఇబ్న్ సీనా కాగితాల మీద రాసి పెట్టుకున్నాడట, కానూన్ లో కలపాలని. పుస్తకం పూర్తయ్యేలోపే ఆ కాగితాలు పోయాయి. ఒకటి రెండు జూజ్‌జానీకి గుర్తున్నాయి. ఒకసారి తనకే తలనొప్పి వస్తే, మంచుగడ్డని గుడ్డలో చుట్టి తల మీద పెట్టుకుని తగ్గించుకున్నాడు. ఖ్వారజ్మ్ లో క్షయ ఉన్న ఒక స్త్రీకి వేరే మందులన్నీ మాన్పించి ఒక్క గుల్కండ్ మాత్రమే ఇచ్చాడు. ఆమె మణుగుల కొద్దీ తిని కోలుకుందట. గుల్కండ్ తో క్షయ తగ్గుతుందని నేను నమ్మను. కానీ మిగతా మందులన్నీ ఆపి ఒక్కటే ఇవ్వడం చూడండి. ఏడు షరతులు రాసినవాడు వాటిని పాటించడానికి ప్రయత్నించిన గుర్తు అది. పాతవాళ్ళ నుంచి వచ్చిన తేలు బూడిద పుస్తకంలో మిగిలింది, ఆయన కళ్ళారా చూసి రాసుకున్నది పోయింది. ఆ పుస్తకమే 12వ శతాబ్దంలో లాటిన్ లోకి వెళ్ళి, 17వ శతాబ్దం దాకా యూరప్ యూనివర్సిటీల్లో పాఠ్యపుస్తకం అయింది.

యుద్ధానికి వెళ్ళిన రాజు వెంట ఉండగా ఇబ్న్ సీనాకి కడుపులో శూల పట్టింది. వెనకబడితే శత్రువులకి దొరికిపోతాడనే భయంతో, త్వరగా తగ్గాలని ఒక్కరోజులో ఎనిమిది సార్లు ఎనిమా చేయించుకున్నాడు. పేగుల్లో పుండు పడింది. ఆ దశలో మూర్ఛ కూడా మొదలైంది. ఎనిమా మందులో ఆకుకూర సెలరీ గింజలు రెండు దానిఖ్ లు కలపమన్నాడు. దానిఖ్ అంటే దిర్హాములో ఆరోవంతు. కలిపిన వైద్యుడు అయిదు దిర్హాములు వేశాడు. లెక్క కట్టి చూశాను. పదిహేను రెట్లు! పొరపాటో, కావాలనో తెలియదని జూజ్‌జానీ రాశాడు. మూర్ఛకి మిత్రిడేట్ అనే మందు వాడుతున్నాడు. అది తిర్యాఖ్ కి అన్నగారి లాంటిది, దాని నుంచే తిర్యాఖ్ పుట్టింది. ఆయన డబ్బు దొంగిలించిన బానిసలు, బతికితే శిక్షిస్తాడని భయపడి, అందులో నల్లమందు విపరీతంగా కలిపేశారు.

అప్పటికి చావలేదు. పల్లకీలో ఇస్ఫహాన్ చేరి, తనకి తానే వైద్యం చేసుకుని లేచి నిలబడ్డాడు. పథ్యం మాత్రం పాటించలేదు. మళ్ళీ రాజు వెంట హమదాన్ కి బయల్దేరాడు, మళ్ళీ తిరగబెట్టింది. శరీరాన్ని నడిపే శక్తికి ఇక నడిపే ఓపిక లేదని చెప్పి మందులు ఆపేశాడు. 1037 జూన్ లో, రంజాన్ నెలలో, హమదాన్ లో చనిపోయాడు. సమాధి ఇప్పటికీ ఉంది.

నాన్న డిశ్చార్జ్ అయ్యి ఇంటికొచ్చాక, ఆదివారాలు ఫోన్ లో ఈ కథంతా విడతలుగా చెప్పాను. ఈసారి ఏదీ ఎగరగొట్టలేదు, నర్సు, యాంటిబయాటిక్, హిమోగ్లోబిన్ తో సహా. ఆఖరి విడత విని కాసేపు మాట్లాడలేదు. ఎన్నేళ్ళకి పోయాడు అని అడిగారు. యాభై ఏడు అన్నాను. తన కంటే పదహారేళ్ళు చిన్నవాడని లెక్క వేశారు. తర్వాత అమ్మని పిలిచి, తన మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయించి, నాకు చదివి వినిపించారు. మొత్తం తొమ్మిది. అందులో ఒకటి మా డాక్టర్లెవరూ రాయనిది, మోకాళ్ళకని ఎవరో ఇచ్చిన పొడి. అందులో ఏముందో అమ్మకి తెలియదు. సీసా మీద కూడా రాసి లేదు.